జీవాలు గడ్డి తినవు

కాచిగూడ, హైదరాబాదు
11 జనవరి 1949

మామకు, అత్తకు కౌసల్య దండాలు పెట్టి రాస్తున్నది.

అత్త పంపిన పేలపిండి అయిపోయి వారమైంది. డబ్బా మాత్రం కడగలేదు, అప్పుడప్పుడు మూత తీసి వాసన చూస్తున్న. అమ్మ బాగున్నది. బాపుకే నా మీద కోపం. కాలేజీ చదువు అయిపోయిన పిల్ల దఫ్తరుకు పోవుడేందని మూడు దినాలు నాతో మాట్లాడలేదు. నాలుగో దినం, అక్కడ నేను చేసే పని ఏమిటో తెలిసినంక నవ్వాపుకోలేక తనే మాట్లాడిండు.

మామా, నేను గడ్డి లెక్క పెడుతున్న.

నువ్వూ నవ్వుతవని తెలుసు, అయినా విను. రజాకార్ల గడబిడలో రెండేండ్లు ఎవరు విత్తిండ్రో, ఎవరి గడ్డివాములు తగలబడ్డయో చెప్పే కాగితం సర్కారు దగ్గర లేదు. పైన వానలు కూడ సరిగ్గ పడలేదు. ఎండలు ముదరకముందే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ ఊర్లో మేత మిగులుతుందో, ఏ ఊర్లో చాలదో తెలుసుకొని, ఉన్నచోటి నుంచి లేనిచోటికి లారీల మీద పంపాలని ఆలోచన. మా దఫ్తర్లో పెద్ద బల్ల మీద రెండు జిల్లాల పటం పరిచిపెట్టిండ్రు. మిగులు ఊరికి ఆకుపచ్చ చుక్క, కరువు ఊరికి ఎర్ర చుక్క. చుక్కలు పెట్టేది నేనే. మొదటి దినం ఆ పటం ముందు నిలబడి ముందు మీ ఊరు వెతికిన. అంత నేల, అన్ని ప్రాణాల ఆకలి, నా చేతిలో రెండు రంగుల పెన్సిలు.

ఊర్లకు పంపే ఫారం ఇంగ్లీషులో ఉంటే తెలుగు చేసే పని నాకే ఇచ్చిండ్రు. ఎద్దు, ఆవు, బర్రె, గొర్రె, మేక, అన్నిటిని కలిపి చెప్పే మాట ఒకటి కావలసి వచ్చింది. ఒకాయన 'పశుసంపద' అన్నడు. అది పాఠం చెప్పినట్టుంది. నేను రెండు దినాలు ఆలోచించి 'జీవాలు' అని పెట్టిన. దఫ్తర్లో అందరు బాగుందన్నరు.

మీ ఊరి పట్వారీ కాగితాలన్ని దొర ఉండే గడితోపాటు కాలిపోయినయట కద. అందుకే ఫారం నీకు పంపుతున్న. నాలుగే ఖానాలు. జీవాలెన్ని, ఒక్కోదానికి దినానికి ఎన్ని సేర్ల గడ్డి వేస్తరు, ఊర్లో వాములెన్ని, ఇతర మేత ఏమన్న ఉందా. నింపి పంపు. ఆలస్యం చేస్తే అత్తకు చెప్పి నీకు చుట్టలు బంద్ చేయిస్త.

మీ
కౌసల్య


ఎర్రగుంటపల్లి
27 జనవరి 1949

కౌసల్యకు మామ నర్సింహ దీవెనలు.

నీ కవరు చౌటుప్పల్ పోస్టాఫీసుల పండుకొని ఉంటే, పక్కింటి బాలయ్య అంగడికి పోయినోడు లేపుకొచ్చిండు. గడ్డి లెక్కవెట్టే కొలువు కోసమా పద్నాలుగేండ్లు చదివింది అని మీ అత్త అడుగుమన్నది. అడిగిన. నాకైతే సంబురమే.

ఇంటింటికి తిరిగిన బిడ్డా. మొదలు ఎవ్వరు నోరిప్పలే. మావోళ్లకు లెక్క అంటే లెవీ యాదికొస్తది. గింజలు కొలిచి తీసుకపోయిండ్రు, ఇగ గడ్డిపోచలు కూడ కొలుస్తరా అని బాలయ్య లేసిండు. అప్పుడు నీ చేతిరాత చూపిచ్చిన. మన సాలమ్మ బిడ్డ రాసింది, మేత లేని ఊర్లకు పంపెటందుకు అడుగుతాంది అన్న. సాలమ్మ పేరు చెప్పినంక అందరు చెప్పిండ్రు.

వాములు నలభై మూడు. ఈ లెక్క రాసేటప్పుడు నాకు చెయ్యి ఆగింది. ఇన్నేండ్లు చొప్ప కోసి, మోపులు కట్టి, బండ్లకెత్తి దొర గడిల వేసి ఉత్త చేతులతోని వచ్చేటోళ్లం. సంఘపోళ్లు దొర భూములు మాకు పంచినంక, ఈ ఏడు మొదటిసారి ఎవరి వాకిట్ల వాళ్ల వాము. మీ అత్త పొద్దున లేసి ముఖం కడుగక ముందు దాని ముంగట నిలవడుతది. ఎంతసేపు చూస్తవే అంటే, అది నాతో ఏమన్న అన్నదా, నీకేంది అంటది.

జీవాల సంగతి కురుమ ఐలేశంను అడిగిన. మంద అంత వాళ్ల అన్నదమ్ములదే గద. చెప్పెటప్పుడు జర నసిగిండు. తొమ్మిది వందలు అన్నడు, రాసిన. రెండో ఖానా చూసి మేమిద్దరం నవ్వుకున్నం. జీవాలు గడ్డి తినవు బిడ్డా. చెల్కల్ల, బీళ్లల్ల మేసొస్తయి. సున్న పెట్టిన. ఇతర మేత 'లేదు' అని రాసిన. పెద్దగుట్ట మీద ఉండేది గని, సంఘపోళ్లు దాసుకుంటరని నెల దినాల సంది మిలిటరీవాళ్లు గుట్ట ఎక్కనిస్తలేరు. అన్నీ కాగితం మీద రాయరాదు.

బాపు కోపం చల్లారిందా. మీ అత్త మళ్ల పేలాలు వేపుతాంది.

నర్సింహ


కాచిగూడ
14 ఫిబ్రవరి 1949

మామా, అత్తా, ఇద్దరికీ కౌసల్య నమస్కారం.

మీ ఊరు నన్ను నిద్రపోనియ్యలేదు. మూడువందల ఊర్ల ఫారాలు చూసిన. ఎక్కడ చూసినా ఏడుపే. దినానికి పది సేర్లు కావాలె, నాలుగే ఉన్నయి. పన్నెండు కావాలె, రెండే ఉన్నయి. వాటి నడుమ మీ ఫారం: తొమ్మిది వందల జీవాలు, గడ్డి సున్న సేర్లు, నలభై మూడు వాములు. తప్పు చదివిన్నేమో అని కిటికీ దగ్గరికి తీసుకపోయి మళ్ల చూసిన. ఏం నేల మామా అది. ఒక్క పరక వేయకుండ అన్ని ప్రాణాలను సాకుతున్నదా.

మా పెద్దసారు తనంతట తను నా బల్ల దగ్గరికి వచ్చి నీ ఫారం అడిగి తీసుకున్నడు. నింపింది మా మేనమామ అని చెప్పిన, గర్వంగ. మీ ఊరికి ఆకుపచ్చ చుక్క నేనే పెట్టిన. పటంలో ఆ చుట్టుపక్కల అంత పెద్ద చుక్క ఇంకోటి లేదు.

ఎల్లుండి నన్ను అచ్చంపేట దిక్కు పంపుతున్నరు. కాగితాల మీద చూసింది చాలు, కండ్లతో చూడాలని సారు ప్రాణం తిన్న. బాపు మళ్ల మాటలు బంద్ చేసిండు.

కౌసల్య


ఎర్రగుంటపల్లి
28 ఫిబ్రవరి 1949

కౌసల్యా, మామ రాస్తున్న.

మొన్న మంగళవారం మన ఊరికి లారీలు వచ్చినయి. మూడు దినాలు తిరిగినయి. ముప్పై నాలుగు వాములు ఎత్తుకపోయిండ్రు. కొట్టలేదు, తిట్టలేదు, మర్యాదగానే చీటి ఇచ్చిండ్రు. చీటి మీద 'మిగులు ఊరు' అని ఉన్నది.

మాకేం మిగిలిందని బాలయ్య అడ్డం పడుకున్నడు. వచ్చిన గుమస్తా ఒక కాగితం తీసి చూపిచ్చిండు. మీ జీవాలకు గడ్డి అక్కరలేదని మీరే రాసిచ్చిండ్రు గద అన్నడు. చూస్తే నా దస్కతే.

బిడ్డా, తప్పు నీది కాదు, నాది కాదు, ఒక మాటది. మా దిక్కు జీవాలంటే గొర్లు, మేకలు. ఎడ్లు, ఆవులు, బర్లు జీవాలు కావు. అవి గొడ్లు. నువ్వు గొర్లనే అడిగినవనుకొని గొర్ల లెక్కనే రాసిన. గొడ్లను ఎందుకు అడగలేదో అని ఒక మాట అడిగి ఉంటే అయిపోవు. నా బుద్ధికి రాలేదు.

ఊర్ల గొడ్లు రెండువందల పన్నెండు. ఉన్నయి తొమ్మిది వాములు. అవి ఉగాది దాక వస్తయి. మిరుగు కార్తెల వాన పడేదాక ఇంకో రెండు నెలలు అవి బతకాలె. బతకకుంటే, వచ్చిన భూముల దున్నేదేంది. దున్నలేనోళ్ల భూమి మళ్ల ఎటు పోతదో నీకు చెప్పనక్కరలేదు, కాలిన గడి బాగుచేసుకొని దొర మళ్ల దీపం పెడుతున్నడు.

మీ అత్త ఇప్పుడు కూడ పొద్దున లేసి వాము లేని జాగల నిలవడుతది. అంతే.

నర్సింహ


అచ్చంపేట దగ్గర
6 మార్చి 1949

మామకు, అత్తకు,

పట్నం నుంచి ఉత్తరాలేవి ఇక్కడికి చేరుతలేవు. మీరు రాసే ఉంటరు, తిరిగి పోయినంక చదువుత. ఈ దినం చూసింది మీకు రాయకపోతే నా తల పగిలేటట్టుంది.

ఇక్కడి ఊర్లలో పొద్దున మొదటి పని ఏందో తెలుసా, ఎడ్లను లేపుడు. నలుగురు మగవాళ్లు పొట్ట కింద రెండు కట్టెలు పెట్టి, తోక పట్టి ఎత్తి నిలబెడుతరు. అవి కాసేపు నిలబడి మళ్ల కూలబడుతయి. పక్కింటికి పోయి అక్కడి ఎద్దును లేపుతరు. నారేప చెట్లను నరికి ఆకు వేసిండ్రు. ఇప్పుడు చెట్లు కూడ మొండిచేతులు ఎత్తుకొని నిలబడ్డయి.

నిన్న ఈ ఊరికి లారీలు వచ్చినయి. జొన్న చొప్ప. మోపు విప్పితే లోపల ఆకు ఇంకా లేత పసుపుపచ్చగ ఉంది, ఊరంత జొన్నచేను వాసన. కిష్టయ్య అనే ముసలాయన ఒక మోపును ఎత్తుకొని, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు పడిపోయిన ఎద్దు మూతి ముందర పెట్టిండు. అది చాలాసేపు వాసన చూసింది. తినుడు మరిచిపోయిందేమో అనుకున్నం. ఆ తర్వాత నమిలిన చప్పుడు వినబడ్డది. మామా, నేను కాలేజీలో సంగీతం కచేరీలు విన్న, ఆ చప్పుడు ముందు అవేమి లెక్కకు రావు. ఈ పొద్దు ఆ ఎద్దు తనంతట తను లేసింది.

ఆ మోపులు మోదుగ నారతో కట్టి ఉన్నయి, రెండు పేటలు మెలేసి, కొస లోపలికి దోపి. ఎక్కడిదో ఎవరికి తెలియదు. దేవుడు పంపిండని కిష్టయ్య అన్నడు. దేవుడు కాదు, నా పటం పంపిందని నేను లోపల అనుకున్న.

కౌసల్య


కాచిగూడ
16 మార్చి 1949

మామా,

నీ ఉత్తరం, నేను రాసింది, రెండూ దారిలో ఎక్కడో ఒకదాని పక్క నుంచి ఒకటి పోయి ఉంటయి. నిన్న వచ్చి చదివిన. మోదుగ నారకు రెండు పేటలు వేసి కొస లోపలికి దోపేది ఎవరో అమ్మను అడిగిన. మా ఊరోళ్లే అట్ల కడుతరు, ఎందుకు అన్నది.

కిష్టయ్య దేవుడు పంపిండనుకున్నడు, నేను పటం పంపిందనుకున్న. పంపింది అత్త.

క్షమించుమని అడుగుతలేను. అడిగితే మీరు క్షమిస్తరు, దాంతో ఒక్క బర్రె కడుపు నిండదు.

పెద్దసారు దగ్గరికి పోయి తప్పు నాదని చెప్పిన. తిడితే బాగుండు, తిట్టలేదు. తిన్నది వెనక్కు రాదు, ఇచ్చేటందుకు ఇంకెక్కడా లేదన్నడు. మీ ఊరి పక్కన ఇంకేమన్న మేత ఉందా అని అడిగి, నీ ఫారం తీసి నాలుగో ఖానా చూపించిండు. 'లేదు.' నేను పెద్దగుట్ట సంగతి చెప్పిన. గుట్ట మిలిటరీవాళ్ల చేతిలో ఉంది, ఊరికే అడిగితే ఇయ్యరు, దాని మీద ఏమున్నదో, ఎంతున్నదో, ఏది ఏం తింటదో, ఎన్ని దినాలు వస్తదో కాగితం మీద పెడితే తను పోయి అడుగుత అన్నడు.

మామా, ఈసారి ఫారం లేదు, ఖానాలు లేవు. గుట్ట మీద ఏమున్నదో తెలిసినవాళ్లను అడిగి, వాళ్లు ఎట్ల చెప్తే అట్ల రాసి పంపు. ఒక్క మాట కూడ దిద్దకు. తొందరగ.

కౌసల్య


ఎర్రగుంటపల్లి
29 మార్చి 1949, రేపు ఉగాది

బిడ్డా కౌసల్యా, జర స్థిమితంగ కూసొని చదువు.

అచ్చంపేట కాగితం ఊరంతటికి చదివి వినిపిచ్చిన. బాలయ్య నెల దినాల సంది నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటుండె. అంత విని, ఆ ఎద్దు లేసిందా అన్నడు. లేసిందట అన్న. మళ్ల చదువుమన్నడు, ఆ లేసిన కాడ. ఇగ ఆ సంగతి ఎత్తలే.

ఐలేశం కూడ ఒకటి ఒప్పుకున్నడు. జీవాలు ఎన్ని అని అడిగితే మిలిటరీ వంటకు తోలుకపోతరనుకొని సగం మందను దాసిండట. నేను రాసిన తొమ్మిది వందలు కూడ ఒట్టిదే. నీ ఫారంల మా ఊరు మొత్తం అబద్ధం, ఒక్క వాములు తప్ప.

గుట్ట సంగతి ఎవరికి తెలుసు అంటే అందరు ఐలేశం తల్లి మారెమ్మను చూపిచ్చిండ్రు. డెబ్బై దాటినయి, కండ్లు మసకలు. మన అరుగు మీద కూసొని, పొద్దుగాల మొదలుపెడితే బువ్వ యాళ్ల దాక చెప్పింది. రాసి రాసి నా వేళ్లు కొంకర్లు పోయినయి. ఆమె ఊరికే చెప్తలేదు బిడ్డా. కండ్లు మూసుకొని గుట్ట ఎక్కుతాంది. మలుపు కాడ ఊపిరి తీసుకుంటది, రాయి కాడ కాలు జరుపుతది. ఉత్తరం దిక్కు నారేప చెట్లు అరవై ఒకటి అన్నది. ఒక చెట్టు ఆకు ఒక ఎద్దుకు మూడు దినాలు. జమ్మి ఉగాదికి చిగురు వేస్తది, అది ఆవులకు. ఇప్ప పువ్వు రాలేటప్పుడు బర్లను ముందుగాల తోలాలె, ఎడ్లు పోతే ఆగమాగం తిని పొట్ట ఉబ్బుతది. ఎండలు మండేటప్పుడు తుమ్మకాయలు, అవి పూట ఇడిసి పూట. దిరిసెన ఆకు ఈనిన ఆవుకు. మోదుగాకు బర్రె ఒక్కతే తింటది. రేగుకంప ఎండినంక కట్టెతోని కొడితే ఆకు రాలుతది, దాన్ని గంపల ఎత్తి తౌడుల కలపాలె. తొలి వాన పడ్డంక జొన్న కోసిన మోళ్లకు పిలకలు లేస్తయి, వాటిని మాత్రం ముట్టనియ్యొద్దు, నాము విషం తగిలి నిలుసున్నకాడ్నే పడిపోతయి.

నేను యాభై ఏండ్ల సంది ఈ గుట్ట కిందనే ఉన్న. ఏదో ఇంత మేత ఉంటదని తెలుసు గని, నాకది రాళ్ల కుప్ప. ఇతర మేత 'లేదు' అని రాసిన చెయ్యి ఇదే.

నాలుగు కాగితాలు దీంతోని పంపుతున్న. ఏం దిద్దలే.

మామ


కాచిగూడ
12 ఏప్రిల్ 1949

మామకు, అత్తకు, మారెమ్మ అవ్వకు కౌసల్య దండాలు. అవ్వకు చదివి వినిపించు.

నా దగ్గర ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. దాంట్లో గడ్డి ఉంది, తౌడు ఉంది, గానుగచెక్క ఉంది, ఏ దాంట్లో ఎంత బలమో అంకెలున్నయి. ఆకు లేదు. అవ్వ చెప్పింది పట్టిక వేసిన. ఏ చెట్టు, ఎప్పుడు, ఎవరికి, ఎన్ని దినాలు. మధ్యాహ్నం నుంచి దఫ్తరు మూసేదాక కూడిన. రెండువందల పన్నెండు గొడ్లకు అరవై ఎనిమిది దినాలు. ఉగాది నుంచి మిరుగు దాక ఎన్ని దినాలో వేళ్ల మీద లెక్కపెట్టి చూడు మామా. తప్పు కూడిన్నేమో అని కింద నుంచి పైకి మళ్ల కూడిన, అంతే వచ్చింది. చదవను రాయను రాని ఒక ముసలామె, నెలలుగ ఎక్కని గుట్టను, కండ్లు మూసుకొని అంత సరిగ్గ తూచింది.

సారు పట్టిక చదివి టోపీ తీసుకొని మిలిటరీ దఫ్తరుకు పోయిండు. పర్మిట్ ఈ కవరులోనే ఉంది. పొద్దు పొడిచినంక ఎక్కాలె, పొద్దు గుంకకముందు దిగాలె, పదిమంది మనుషులకు మించొద్దు. ఈసారి మాట జాగ్రత్తగ పెట్టించిన. 'జీవాలు' అని లేదు. 'ఎడ్లు, ఆవులు, బర్లు' అని స్పష్టంగ ఉంది.

కౌసల్య


ఎర్రగుంటపల్లి
24 మే 1949

కౌసల్యకు,

ఇన్ని దినాలు రాయనందుకు కోపం చేయకు. నువ్వు ఏడుస్తవని, రాయొద్దని మీ అత్తనే ఆపింది. ఇప్పుడు రాయుమన్నది.

నీ పర్మిట్ తీసుకొని పోతే గుట్ట కింద ఉన్న జవాను ఒక్కో మాట చదివిండు. ఎడ్లు పో, ఆవులు పో, బర్లు పో అన్నడు. ఐలేశం మంద వస్తే చెయ్యి అడ్డం పెట్టిండు. కాగితంల గొర్లు లేవు గద. మళ్ల నీకు రాద్దామంటే ఐలేశం వద్దన్నడు. ఆ పిల్ల ఎన్నిసార్లు దిద్దుతది, ఆ గుట్ట ఇద్దరికి చాలదు, నేను మందను కృష్ణ ఒడ్డుకు తోలుకపోత అన్నడు. పోయిండు. మారెమ్మ పోలే. మీకు చెట్లు గుర్తుపట్టరాదు, నేను లేకుంటే అన్ని నాశనం చేస్తరు అన్నది. నేను, బాలయ్య కలిసి ఆమెను కావడిల కూసొబెట్టుకొని ఎక్కిస్తున్నం.

ఎక్కినంక ఆమెది రాజ్యం. దోటికి కొడవలి కట్టి ఆకు కోస్తే, ఏ కొమ్మ దాక కొయ్యాలెనో కింద కూసొని చప్పుడు విని చెప్తది. చెట్టు కొన మాత్రం ముట్టనియ్యదు. వైశాఖంల మన కర్రెద్దు పడ్డది బిడ్డా. ఇంత లేతాకు కడుపుల పడితే లేస్తదనుకున్న. నేను ఒక నారేప కొనకు దోటి పెట్టిన. ఆమె వచ్చి చెట్టును పట్టుకొని నిలవడ్డది.

"కొన ఇడువు నర్సింహా. కొన తీస్తే చెట్టు అలుగుతది."

నా ఎద్దు సస్తాందే అవ్వా అన్న.

"నీ ఎద్దు ఒక్కటి. ఈ చెట్టు మీద నూరు ఎడ్లున్నయి, ఇంకా పుట్టలే."

దోటి దించిన. ఎద్దు పోయింది. ఆమె మీద నాకు పదిహేను దినాలు కోపముండె. ఇప్పుడు లేదు. కోసిన చెట్లన్నిటికి మళ్ల చిగురొచ్చింది, కోసింది మరిచిపోయినట్టు. కర్రెద్దుతోని కలిపి తొమ్మిది పోయినయి. రెండువందల మూడు ఉన్నయి, కాళ్ల మీద.

మామ


కాచిగూడ
2 జూన్ 1949

మామా,

కర్రెద్దు మెడ మీద నేను చిన్నప్పుడు చెంప ఆనించి పడుకున్న అని అమ్మ చెప్పింది. నాకు గుర్తులేదు. గుర్తులేనందుకు ఎక్కువ ఏడుపొచ్చింది.

ఎడ్లను తప్పించబోయి జీవాలను ముంచిన, ఇప్పుడు జీవాలంటే ఏందో తెలిసీ. నా మాటలకు నేనే భయపడుతున్న. ఆషాఢం తర్వాత మళ్ల అన్ని ఊర్లకు ఫారం పంపాలె. రాసే బాధ్యత మళ్ల నాకే ఇచ్చిండ్రు. నేను రాయను. మీరు కూర్చొని రాసి పంపండి. ఖానాలెన్ని ఉండాలె, ఎవరిని ఏమని పిలవాలె, మీ ఇష్టం. సారుతో ఒప్పించిన.

కౌసల్య


ఎర్రగుంటపల్లి
21 జూన్ 1949

బిడ్డా కౌసల్యా,

మిరుగు దాటిన పదకొండో దినం వాన పడ్డది. బాలయ్య దగ్గర ఒక ఎద్దు, నా దగ్గర ఒకటి మిగిలినయి. రెండిటిని ఒక కాడికి కట్టినం. రెండూ ఎడమ దిక్కు అలవాటైనవే, దున్నుతాంటే చాలు వంకరపోతాంది. పోనీ, వంకర చాళ్లల్ల కూడ జొన్న మొలుస్తది. నా పట్టా లేని భూమి నేను దున్నిన, అది చాలు.

నీ ఫారం కోసం ఊరంత మన అరుగు మీద కూసున్నరు. పెండ్లి కుదురుసుకున్నంత కొట్లాట. ముందుగాల ఎడ్లు రాయాలె అని బాలయ్య. పాలిచ్చేవి ముందు, దున్నేవి వెనుక అని మీ అత్త. నిన్నెవరడిగిండ్రు అంటే, వాము పోయింది నా వాకిట్ల నుంచి అన్నది. ఇగ ఆవులు, బర్లు ముందు రాసినం. ఐలేశం కృష్ణ ఒడ్డు నుంచి తిరిగొచ్చిండు, మంద పిల్లలతోని కలిపి పదిహేడు వందల అరవై, ఈసారి నిజం. గొర్లు ఒక వరుస, మేకలు ఒక వరుస రాయించిండు. 'జీవాలు' అనే మాట ఎక్కడా లేదు.

అంత అయినంక మారెమ్మ ఇంకొక వరుస రాయుమన్నది, ఎడ్లు, బర్లు, గొర్లు రాసిన కిందనే, తినేటోళ్లల్ల. ఏం రాయాలె అవ్వా అంటే 'చెట్టు' అన్నది.

చెట్టు కూడ మేస్తదా అని బాలయ్య నవ్విండు.

"దాని ఆకు దానికి కావాలె. అది తిన్నంక మిగిలిందే నీ ఎద్దుది. దాని వంతు ముందు రాయకుంటే నీ లెక్కంత దొంగలెక్క."

రాసిన. తీసేయాలంటే నువ్వే తీసెయ్యి, నాకు ధైర్యం చాలలే.

నర్సింహ


కాచిగూడ
23 ఆగస్టు 1949

మామకు, అత్తకు, మారెమ్మ అవ్వకు, అరుగు మీద కూర్చున్న అందరికి కౌసల్య దండాలు.

మీ ఫారం సారు ముందర పెడితే, తినేవాళ్ల వరుసలో ఈ చెట్టేమిటని అడిగిండు. అవ్వ చెప్పింది చెప్పిన. దానికింద ఒక వివరణ రాయి, లేకుంటే ఎవరికి అర్థం కాదన్నడు. మూడు రోజులు ప్రయత్నించిన. ఒకసారి బడిపాఠం లాగ వచ్చింది, ఇంకోసారి పర్మిట్ లాగ వచ్చింది. చివరికి వివరణ లేకుండనే అచ్చుకు ఇచ్చిన. ఉత్త 'చెట్టు' అని ఒక మాట, దాని ఎదురుగ ఖాళీ ఖానా. ఎవరికీ తెలియదు, అందరు గీత గీసి వదిలేస్తరు, సారు నన్ను చూసి నవ్వుతడనుకున్న.

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లాల్లో మొదటి విడత నూట ఎనభై ఊర్లకు పంపినం. ఇప్పటికి తొంభై ఆరు తిరిగి వచ్చినయి. నిన్న అన్ని బల్ల మీద పరుచుకొని ఆ ఒక్క ఖానా చదివిన. భువనగిరి దగ్గర ఒక ఊరు చెట్టు వంతు 'పై కొన' అని రాసింది. మోత్కూరు దిక్కు 'మూడు కొమ్మల్ల ఒకటి'. ఒకాయన ఉర్దూలో 'ఆధా', అంటే సగం, అని రాసిండు. కొల్లాపూర్ దిక్కు ఒక ఊరు 'తల, ఎప్పటి లెక్కనే' అన్నది. అక్షరం రాని ఒకరు ఎవరితోనో చెట్టు బొమ్మ గీయించి, పైసగం చుట్టూ సున్న చుట్టించిండ్రు. ఒకరి ముఖం ఒకరు చూసి ఎరుగని మనుషులు. నడుమ గుట్టలు, వాగులు, మిలిటరీ క్యాంపులు.

రెండు రంగుల పెన్సిలు చేతిలో పట్టుకొనే ఉన్న, పటం మీద ఏ చుక్క పెట్టాలెనో తోచలేదు. సారు వచ్చి నా వెనుక నిలబడ్డడు. ఆయన కూడ చదివిండు, ఒకటొకటిగ, తొంభై ఆరూ. నవ్వలేదు.

మామా, ఒక్క ఊరు కూడ ఇదేమిటని అడగలేదు. ఒక్క ఊరు కూడ ఆ ఖానా ఖాళీగ ఇడువలేదు.

మీ కౌసల్య